టిఫాలో బాగుందన్నారు, ఎకోలో లోపమంటున్నారు... ఎవర్ని నమ్మాలి?

ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు. వయసు 26. పెళ్లయి రెండేళ్లు. భర్త సొంత మేనత్త కొడుకు, ఎరువుల కొట్టు నడుపుతారు. తొలి కాన్పు. ఉత్తరం రాసేనాటికి 22 వారాలు నిండాయి.

పంతొమ్మిదో వారంలో సొంత ఊళ్లోనే టిఫా స్కాన్ (కడుపులోని బిడ్డ అవయవాలన్నిటినీ వివరంగా చూసే స్కాన్) చేయించుకున్నారు. గుండెలో నాలుగు గదులూ కనిపించాయి, మామూలుగా ఉన్నాయి అని రిపోర్టు వచ్చింది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: బిడ్డ పడుకున్న తీరు వల్ల గుండె నుంచి బయటికి వచ్చే రక్తనాళాలు సరిగా కనబడలేదు, రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి అని. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె చూపించుకునే గైనకాలజిస్టు మాత్రం ఊరుకోలేదు. పట్టుబట్టి గుంటూరులో ఫీటల్ ఎకోకు, అంటే కడుపులోని బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూసే స్కాన్‌కు పంపారు.

"బల్ల మీద పడుకుని నేనూ తెర వంకే చూస్తున్నాను. అంతసేపూ ఏ ఊరు, ఏం చదువుకున్నావు అని కబుర్లు చెప్పిన డాక్టరమ్మ ఒక్కసారిగా మాట ఆపేశారు. అప్పుడే నాకు అర్థమైపోయింది" అని రాశారామె. ఆ డాక్టరు చాలాసేపు చూసి, ఫోర్‌డీ బొమ్మలు కూడా తీసి, బిడ్డ గుండెలో రెండు పెద్ద రక్తనాళాలు తారుమారయ్యాయని చెప్పారు. రిపోర్టులో 'టీజీఏ' అని ఉంది. జన్యుపరమైన తేడాలు ఉన్నాయేమో తెలుసుకోవడానికి కావాలంటే ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవచ్చన్నారు. మళ్లీ సోమవారం రమ్మన్నారు.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. "ఒకరు బాగుందన్నారు, ఒకరు లేదన్నారు. ఇదంతా డబ్బులు గుంజడానికే. మా కాలంలో ఈ స్కాన్లు ఎక్కడివి?" అని అత్తగారు. ఇన్నిసార్లు స్కాన్ తీస్తే బిడ్డకు మంచిది కాదని కూడా ఆవిడే. ఆడో మగో తెలిస్తే ఒక ఆలోచన చేయొచ్చని పక్కింటావిడతో అనడం ఈ అమ్మాయి చెవిన పడింది. భర్త రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు "గడువు దాటకముందే తీయించేద్దాం" అని చెప్పి కొట్టుకు వెళ్లిపోయారు. కన్నతల్లి ఫోన్‌లో ఏడుస్తున్నారు తప్ప ఏమీ చెప్పలేకపోతున్నారు. మేనరికం వల్లే ఇలా అయిందా, రెండో నెలలో జ్వరానికి వేసుకున్న పారాసిటమాల్ వల్లా, గ్రహణం నాడు బయటికి వచ్చినందువల్లా అని ఈమె రాత్రంతా ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటున్నారు. చివర్లో మూడు మాటలు అడిగారు. ఏ రిపోర్టును నమ్మాలి? ఈ బిడ్డ బతుకుతుందా? నేను ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో వారాల లెక్క చూడగానే గర్భం తీయించుకోవడానికి చట్టంలో ఉన్న గడువు సంగతి మీకు విడిగా రాసి పంపాను. మిగతాదంతా మీ అనుమతితో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి రిపోర్టు చేత్తో పట్టుకుని నిద్రపట్టక కూర్చున్న తల్లులు ఇంకా చాలామంది ఉన్నారు. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది నుంచి పది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఇలా పుడుతున్నారని అంచనా. అందులో ఎక్కువ భాగం చిన్న చిన్న లోపాలే. మీ బిడ్డకు చెప్పింది మాత్రం పెద్దదే. పెద్దదే అయినా, కడుపులో ఉండగానే తెలియడం వల్ల బిడ్డకు అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగే లోపాల్లో ఇది ఒకటి. మిగతా విషయాలన్నీ ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

ముందు రిపోర్టుల సంగతి. మీ ఊళ్లో స్కాన్ తీసినవారూ, గుంటూరు డాక్టరూ ఇద్దరూ ఉన్నదే చెప్పారు. టీజీఏలో గుండె గదులు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. పైన రెండు, కింద రెండు, మధ్యలో గోడ, కవాటాలు, అన్నీ చూడటానికి మామూలుగానే ఉంటాయి. అందుకే నాలుగు గదులు మాత్రమే చూసి ఆపేస్తే ఈ లోపం దొరకదు. తేడా అంతా గదుల పైన ఉంటుంది. మామూలు గుండెలో కుడి కింది గది నుంచి ఊపిరితిత్తులకు ఒక నాళం, ఎడమ కింది గది నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమని బయలుదేరతాయి. బయలుదేరిన చోటే ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. మీ బిడ్డలో అవి గదులు మారిపోయి పుట్టాయి. ఒకదాన్నొకటి దాటకుండా రైలు పట్టాల్లా పక్కపక్కనే పైకి పోతున్నాయి. అది కనబడాలంటే స్కాన్ చేసేవారు ప్రోబును (పొట్ట మీద ఆనించే పరికరాన్ని) నాలుగు గదుల దగ్గర ఆపకుండా బిడ్డ మెడ వైపు ఇంకొంచెం జరపాలి. అక్కడ మామూలుగా మూడు నాళాలు వరసగా కనబడతాయి. టీజీఏలో చాలాసార్లు రెండే కనబడతాయి. మీ డాక్టరమ్మ మాట ఆపేసింది బహుశా అక్కడే.

మీ ఊళ్లోవారు ఆ నాళాలు సరిగా కనబడలేదని నిజాయితీగా రాశారు. ఆ చిన్న అక్షరాల వాక్యమే మిమ్మల్ని గుంటూరు దాకా తీసుకెళ్లింది. ఇది చదివే గర్భిణులందరికీ ఒక మాట. టిఫా రిపోర్టు చేతికి రాగానే కింద 'నార్మల్' అని ఉందా లేదా అని మాత్రమే చూడకండి. గుండె నుంచి బయటికి వచ్చే నాళాలు చూశారా అని నోరు తెరిచి అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు రెండు నిమిషాలు పట్టదు.

ఇక ఫోర్‌డీ అంటే చాలామంది అనుకుంటున్నట్టు బిడ్డ ముఖం ఫొటో తీసిచ్చేది కాదు. 22 వారాల్లో బిడ్డ గుండె మొత్తం కలిపి అటూ ఇటుగా రెండు సెంటీమీటర్లు. నిమిషానికి 140 సార్లకు దగ్గరగా కొట్టుకుంటూ ఉంటుంది. అంత చిన్నది, అంత వేగంగా కదిలేది, దాన్ని ఒక్కో కోత ఒక్కో కోతగా చూసి మనసులో అతికించుకోవడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. అందుకని కొత్త మిషన్లలో 'స్టిక్' అనే పద్ధతి వచ్చింది. ప్రోబును ఒకచోట కదలకుండా పట్టుకుంటే లోపలి భాగం దానంతటదే నెమ్మదిగా వంగుతూ పది సెకన్లకు అటూ ఇటుగా గుండె అంతటినీ బొమ్మలు తీస్తుంది. వందల బొమ్మలు వస్తాయి. మిషన్ వాటిని గుండె కొట్టుకునే లయను బట్టి వరస పెట్టి, ఒక పూర్తి గుండెను కొట్టుకుంటున్నట్టుగా తెర మీద నిలబెడుతుంది. మీరు ఇంటికి వెళ్లిపోయాక కూడా డాక్టరు దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి, ఎక్కడ కావాలంటే అక్కడ కోసి చూడవచ్చు. దీనికి కలర్ డాప్లర్ కలిపితే రక్తం ఎటు పోతోందో కూడా తెలుస్తుంది.

దీనిలో మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ బొమ్మల ఫైలును ఇంకో ఊళ్లో ఉన్న పిల్లల గుండె నిపుణుడికి పంపవచ్చు. రెండో అభిప్రాయం కోసం ఈ పరిస్థితుల్లో మీరు బస్సెక్కి హైదరాబాదో చెన్నయో తిరగనక్కర్లేదు. సోమవారం వెళ్లినప్పుడు ఆ వీడియో క్లిప్పులు, వాల్యూమ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని అడగండి. అడగడం మీ హక్కు, ఇది డాక్టరును అనుమానించినట్టు కాదు. మంచి డాక్టర్లు ఎవరూ నొచ్చుకోరు. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఇంకొకరు చూడాల్సిందేనని నా అభిప్రాయం.

ఎంత మంచి మిషనైనా దానికీ హద్దులున్నాయి. బిడ్డ కదిలినా, వీపు పైకి తిప్పి పడుకున్నా, వెన్నెముక నీడ గుండె మీద పడినా బొమ్మ చెడిపోతుంది. మొదట తీసిన బొమ్మ మసకగా ఉంటే ఎంత తిప్పి చూసినా మసకే. బృహద్ధమని సన్నబడటం లాంటి లోపాలను కడుపులో కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ కష్టం. గుండె పై గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తుల నాళానికీ బృహద్ధమనికీ మధ్య ఉండే దారి ఈ రెండూ కడుపులో ప్రతి బిడ్డకూ ఉండాల్సినవే కాబట్టి, పుట్టాక అవి మూసుకుంటాయో లేదో ముందు చెప్పలేరు. టీజీఏ మాత్రం అలాంటి సందేహాల్లోది కాదు. నాళాలు స్పష్టంగా కనబడితే, చూసినవారికి అనుభవం ఉంటే, ఇది చాలావరకు గట్టిగా చెప్పగలిగే లోపమే. అందుకని రెండో డాక్టరు 'అసలేమీ లేదు' అంటారని ఆశ పెట్టుకుని వెళ్లకండి. దీనితో పాటు ఇంకేమైనా ఉందా, కింది గదుల మధ్య రంధ్రం ఉందా, ఊపిరితిత్తుల నాళం సన్నగా ఉందా, మిగతా అవయవాలు ఎలా ఉన్నాయి అన్నవి తేల్చుకోవడానికి వెళ్లండి. మీ నిర్ణయానికి ఆధారం ఆ జవాబులే.

స్కాన్ల వల్ల బిడ్డకు చెరుపు అన్న భయం గురించి కూడా చెప్పాలి. అల్ట్రాసౌండ్ అంటే శబ్ద తరంగాలు. ఎక్స్‌రేలాగా రేడియేషన్ కాదు. దశాబ్దాలుగా వాడుతున్నారు. అవసరానికి చేసిన స్కాన్ వల్ల బిడ్డకు హాని జరుగుతుందని తేలలేదు. ఈ మాట అత్తగారికి చెప్పండి, నొప్పించకుండా.

ఇప్పుడు బిడ్డ సంగతి. కడుపులో ఉన్నంతకాలం ఊపిరి మీదే. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డు తాడు ద్వారా వస్తుంది. అందుకే టీజీఏ ఉన్నా బిడ్డ బాగా పెరుగుతుంది, బరువుగా ఉంటుంది, తంతుంది. చిక్కు బొడ్డు కోశాకే. ఒంట్లో తిరిగి వచ్చిన నల్లరక్తం ఊపిరితిత్తులకు పోకుండా మళ్లీ ఒంట్లోకే పోతుంది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. ఈ రెండూ కలిసేది ఇందాక చెప్పిన రెండు సహజమైన దారుల్లోనే. అవి పుట్టిన కొన్ని గంటల్లోనో రోజుల్లోనో మూసుకోవడం మొదలవుతుంది. అప్పుడు బిడ్డ నీలంగా మారుతుంది.

ముందే తెలిసిన చోట ఏం చేస్తారో చూడండి. పుట్టిన వెంటనే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు డ్రిప్‌లో పెట్టి దారి మూసుకుపోకుండా చూస్తారు. అవసరమైతే బొడ్డు దగ్గర నుంచో తొడ దగ్గర నుంచో సన్నటి గొట్టం గుండెలోకి పంపి, చివరనున్న బెలూన్‌ను ఉబ్బించి లాగి, పై గదుల మధ్య రంధ్రాన్ని పెద్దది చేస్తారు. 1966లో అమెరికాలో రాష్కిండ్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తర్వాత మొదటి రెండు మూడు వారాల్లోపు అసలు ఆపరేషన్. రెండు నాళాలనూ కోసి వాటి వాటి గదుల మీద కుట్టేస్తారు. గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ నాళాలను కూడా కొత్త చోటికి మార్చాలి, అందులో అన్నిటికన్నా సున్నితమైన పని అదే. 1975లో బ్రెజిల్‌లో జతేనే అనే సర్జన్ దీన్ని తొలిసారి విజయవంతంగా చేశారు. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. అనుభవం ఉన్న కేంద్రాల్లో ఆపరేషన్ చేయించుకున్న పిల్లల్లో నూటికి 95 మంది, అంతకన్నా ఎక్కువే బతుకుతున్నారు. అయితే అన్ని ఆసుపత్రుల లెక్కా ఒకటి కాదు. బిడ్డ ఏ స్థితిలో ఆసుపత్రికి చేరిందన్న దాన్ని బట్టి కూడా ఆ లెక్క మారిపోతుంది.

ముందే తెలిస్తే ఎంత తేడా వస్తుందో ఒక పాత అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 1999లో పారిస్ డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన టీజీఏ పిల్లల లెక్క ప్రచురించారు. పుట్టాక బయటపడిన 250 మందిలో 15 మంది ఆపరేషన్ బల్ల దాకా రాకముందే చనిపోయారు. కడుపులో ఉండగానే తెలిసిన 68 మందిలో అలా చనిపోయినవారు ఒక్కరూ లేరు. పారిస్ లాంటి నగరంలోనే అంత తేడా ఉంటే, రాత్రిపూట ఒక చిన్న పట్టణంలో పుట్టి, ఎందుకు నీలంగా మారుతోందో ఎవరికీ తెలియక, 108లో రెండు మూడు ఆసుపత్రులు తిరిగే బిడ్డ గురించి వేరే చెప్పాలా?

ఆలస్యంలో ఇంకో చిక్కూ ఉంది. పుట్టాక వారాలు గడిచేకొద్దీ ఎడమ కింది గది బలం తగ్గిపోతుంది, తక్కువ ఒత్తిడిలో పనిచేయడానికి అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఈ ఆపరేషన్ చేయడం కష్టమవుతుంది. బిడ్డను రెండు నెలలప్పుడు తీసుకొచ్చే తల్లిదండ్రులకు డాక్టర్లు 'ముందే ఎందుకు రాలేదు' అనేది అందుకే. మీకు ఆ మాట పడాల్సిన పని లేదు.

ఆపరేషన్‌తో కథ అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. ఏటా చెకప్ ఉండాలి, పెద్దయ్యాక కూడా. కుట్టిన చోట నాళం సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేయాల్సి రావచ్చు, కొందరికి మరో ఆపరేషన్ పడవచ్చు. మాటలు ఆలస్యంగా రావడం, చదువులో ధ్యాస నిలవకపోవడం లాంటివి మిగతా పిల్లల్లో కన్నా ఈ పిల్లల్లో కాస్త ఎక్కువ. ఎక్కువమంది మాత్రం అందరితో పాటే బడికి వెళ్తారు, ఆటలాడతారు, పెద్దవాళ్లవుతారు.

మీ ముందున్న దారులు ఇప్పుడు మాట్లాడుకుందాం. బిడ్డను కనాలనుకుంటే కాన్పు ఎక్కడన్నది అన్నిటికన్నా ముఖ్యం. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మనకు ఆనవాయితీ. మీ అమ్మగారూ సిద్ధంగా ఉండి ఉంటారు. ఈసారి ఆ ఆనవాయితీ పక్కన పెట్టక తప్పదు. ముప్పై ఆరు, ముప్పై ఏడు వారాలకే పిల్లల గుండె సర్జరీ జరిగే ఊళ్లో, ఆసుపత్రికి దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని ఉండాలి. అమ్మగారిని అక్కడికే పిలిపించుకోండి, పుట్టిల్లే మీ దగ్గరికి వచ్చినట్టవుతుంది. బిడ్డ గుండె ఇలా ఉంది కాబట్టి సిజేరియనే చేయాలని లేదు, మామూలు కాన్పు సాధారణంగా కుదురుతుంది. తొందరపడి ముందే కనడమూ మంచిది కాదు, నెలలు నిండిన బిడ్డకే ఆపరేషన్ తట్టుకునే శక్తి ఎక్కువ. పుట్టగానే బిడ్డను మీ చేతికివ్వకుండా తీసుకెళ్లిపోతారు. కొన్ని రోజులు మీరు పాలు పిండి పంపాల్సి ఉంటుంది. ఆ రోజులు కష్టంగా గడుస్తాయి. ముందే చెబుతున్నాను, అప్పుడు బెంబేలెత్తకుండా ఉండటానికి.

కనాలనుకుని, కాన్పు మాత్రం సొంత ఊళ్లోనే చేయించుకుంటామంటే? మీ అత్తగారి మాటను బట్టి ఇల్లు అటే మొగ్గుతుందేమోనని నాకు భయంగా ఉంది. ఏమీ తేల్చుకోకుండా రోజులు గడిపితే చివరికి జరిగేదీ ఇదే. నేను దారులన్నీ మీ ముందు పెట్టి ఎంచుకోమంటున్నానే గానీ, ఈ ఒక్కదాన్ని మాత్రం వద్దనే చెబుతాను. ఇన్ని తెలిసి కూడా బిడ్డను ఏమీ తెలియని బిడ్డలాగా పుట్టించినట్టవుతుంది.

మూడోది మీ భర్త అన్నది. అది చట్టం ఒప్పుకునే దారే, దాన్ని ఎంచుకున్నందుకు మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 2021లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి తీవ్రమైన లోపం ఉందని ఇద్దరు డాక్టర్లు అభిప్రాయపడితే 24 వారాల దాకా గర్భం తీయించుకోవచ్చు. 24 దాటితే ప్రభుత్వం వేసిన మెడికల్ బోర్డు చూసి చెప్పాలి. ఆపరేషన్‌తో సరిచేయగలిగే లోపమని బోర్డు ఒప్పుకోకపోవచ్చు కూడా. కాబట్టి మీకున్న రోజులు తక్కువే, కానీ ఒక ఎకో ఫైలు ఇంకొకరికి చూపించడానికి, ఒక సర్జన్‌తో కూర్చుని మాట్లాడటానికి సరిపోతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి. దీనికి కావాల్సింది మీ సంతకం ఒక్కటే. భర్త సంతకం గానీ, అత్తమామల ఒప్పుకోలు గానీ చట్టం అడగదు. చేయించుకోవాలన్నా, వద్దన్నా, ఆ మాట మీదే.

అది ఎలా ఉంటుందో కూడా తెలుసుకునే వెళ్లండి. ఈ నెలల్లో అది చిన్న పని కాదు. మందులతో నొప్పులు రప్పించి కాన్పు లాగే చేస్తారు, ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. తర్వాత పాలు పడవచ్చు. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల కుప్పకూలిపోయిన తల్లులున్నారు. దుఃఖం నెలల తరబడి ఉంటుంది, అది సహజం. రెండో అభిప్రాయంలో దీనితో పాటు ఇంకా తీవ్రమైన లోపాలేవైనా బయటపడితే ఈ దారి బరువు పెరుగుతుంది. టీజీఏ ఒక్కటే అని తేలితే, పైన చెప్పిన లెక్కలు పక్కన పెట్టుకుని చూడండి. ఉమ్మనీరు పరీక్ష సంగతీ అంతే. టీజీఏ ఒంటరిగా ఉన్నప్పుడు జన్యుపరమైన తేడాలు అరుదు. చేయించుకోవాలనుకుంటే ఫలితం ఎన్నాళ్లకు వస్తుందో ముందు అడగండి, గడువు దాటాక వచ్చే రిపోర్టు మీకు ఉపయోగపడదు.

ఆడా మగా అన్న మాట గురించి ఒకటే చెబుతాను. ఏ బిడ్డకైనా చేసేది ఇదే ఆపరేషన్, దాని తర్వాత వచ్చే బతుకు కూడా ఇదే. అది అడగడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. మీ ఇంట్లో ఆ మాట మళ్లీ వస్తే మీరు జవాబు చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఆ రాత్రిళ్ల సంగతి. పారాసిటమాల్ వల్ల కాదు. గ్రహణం వల్ల అసలే కాదు. గుండె రూపం గర్భం తొలి ఎనిమిది వారాల్లోనే దాదాపు ఏర్పడిపోతుంది, చాలామంది గర్భవతినని తెలుసుకుని నిలదొక్కుకునేలోపే. మేనరికం పెళ్లిళ్లలో గుండె లోపాలు మొత్తంగా చూస్తే కొంత ఎక్కువన్నది నిజమే. అయితే మీ బిడ్డకు వచ్చింది దానివల్లేనని ఎవరూ చెప్పలేరు. టీజీఏ పిల్లల్లో ఎక్కువమందికి కారణం ఇదీ అని తేలదు, దగ్గర చుట్టరికం లేని ఇళ్లలోనూ పుడుతున్నారు. మళ్లీ గర్భం వస్తే మళ్లీ గుండె లోపం వచ్చే అవకాశం సుమారుగా నూటికి ఒకటి రెండు. అప్పుడు కూడా పద్దెనిమిదో వారం తర్వాత ఫీటల్ ఎకో తప్పక చేయించుకోవాలి. మీరు ఏదో చేసినందువల్ల ఇలా జరగలేదమ్మా. ఫోన్‌లో ఎంత వెతికినా మీ తప్పు దొరకదు, ఎందుకంటే అది లేదు.

మీ భర్త గురించి మీరు కోపంగా రాశారు. నాకు మాత్రం ఆయన భయపడిపోయిన మనిషిలా కనిపిస్తున్నారు. ఎకో గదిలో ఆయన లేరు. ఆయన విన్నది మీరు ఏడుస్తూ చెప్పిన నాలుగు ముక్కలు, రిపోర్టులో అర్థంకాని మూడక్షరాలు. సోమవారం ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్లండి. ఒక కాగితం మీద మామూలు గుండె, పక్కన మీ బిడ్డ గుండె గీసి చూపించమని డాక్టరును అడగండి. అంతా విన్నాక కూడా ఆయన మాట మారకపోవచ్చు. అప్పుడు మీరిద్దరూ విషయం తెలిసి మాట్లాడుకుంటారు.

అత్తగారి దగ్గర మాత్రం మీరు వాదనకు దిగకండి. ఆవిడ మీ నాన్నగారికి సొంత అక్క. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు, తమ్ముడు చెబితే ఇంటి మాట అవుతుంది. మీ ఉత్తరం మొత్తంలో నాన్నగారి ప్రస్తావన ఒక్కచోటా లేదు. ఆయన్ని కూడా సోమవారం రమ్మనండి. డాక్టరు గీసిన ఆ కాగితం తీసుకెళ్లి అక్క ముందు కూర్చుని ఆయనే చెప్పనివ్వండి.

ఖర్చు గురించి మీ ఇంట్లో భయం ఉంటే అది నిజమైనదే. పిల్లల గుండె ఆపరేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. మీ జిల్లాకు అందుబాటులో తిరుపతిలో టీటీడీ 2021లో మొదలుపెట్టిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఏ ఆసుపత్రికి ఫోన్ చేసినా సూటిగా అడగండి. పుట్టిన రెండు మూడు వారాల్లోపు పిల్లలకు ఈ ఆపరేషన్ మీ దగ్గర చేస్తారా? ఏడాదికి ఎంతమందికి చేస్తున్నారు, అందులో ఎంతమంది బాగై ఇంటికి వెళ్లారు? కాన్పు వార్డు అదే ప్రాంగణంలో ఉందా, లేకపోతే ఎంత దూరం? ఏ ఆసుపత్రి పేరు ఎంత పెద్దదైనా ఈ జవాబులు లేకుండా ఒప్పుకోవద్దు. బిడ్డ పేరు ఇంకా కార్డులో ఉండదు కాబట్టి పుట్టిన వెంటనే ఏ కాగితాలు కావాలో అక్కడి ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఉద్యోగిని) ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. కాన్పు నాటి హడావుడిలో అది చేసుకోలేరు.

సోమవారం మీతో పాటు పాత టిఫా రిపోర్టు, ఎకో రిపోర్టు, షుగర్ పరీక్ష కాగితాలు, రేషన్ కార్డు, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. డాక్టరును అడగాల్సినవి ఆదివారమే ఒక కాగితం మీద రాసుకోండి, అక్కడ కూర్చున్నాక గుర్తుండవు. ఫైలు చూసిన రెండో డాక్టరు ఏమన్నారో నాకు రాయండి. అది చూశాక మిగతా ప్రశ్నలకు జవాబిస్తాను.